మంచు ఆరేదాకా బడి

పుష్యమాసం తెల్లవారుజామున ఎర్రమిట్టలో మనిషన్నవాడు గొంగళిలోంచి ముక్కు కూడా బయట పెట్టడు. అలాంటిది ఇంగ్రిడ్ ఒక్క నూలుచీర చుట్టుకుని, చెవులకు గుడ్డముక్కైనా కట్టుకోకుండా, ఊరవతలి నీళ్ళ వంక దాకా నడిచి చక్కా వచ్చేది. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. ఆమెకు గది ఇచ్చిన పాపమ్మ అయితే గొంగళి పట్టుకుని వీధంతా వెంటబడేది.

"ఇదేంది తల్లీ, నీకేమన్నా అయితే మీ అమ్మకు నేనేం చెప్పుకోవాల? కప్పుకో!"

"మా నార్వేలో ఈ నెలలో చెరువులు గడ్డకట్టి రాయిలాగా ఉంటాయి, అత్తా. మేము వాటి మీద నడిచి అవతలికి పోతాం. ఇది నాకు వేసవికాలం."

పాపమ్మ నమ్మేది కాదు. చెరువు మీద నడిచి పోతామంటే ఎవరు మాత్రం నమ్ముతారు చెప్పండి!

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఆరేళ్ళు. నల్లమల అంచున, గిద్దలూరుకు ఆరు మైళ్ళలో ఉన్న ఆ పల్లెకు బడిగది అయితే వచ్చింది గానీ, వచ్చిన పంతులెవరూ మూడు నెలలు నిలవలేదు. చివరికి ఎవరో సేవాసంఘం వాళ్ళు, జీతం అడగని ఈ ఇరవై నాలుగేళ్ళ పిల్లను పంపారు. హైదరాబాదులో ఎనిమిది నెలలు కూర్చుని తెలుగు నేర్చుకుంది. మార్కాపురంలో ముప్పై పలకలు కొని, బస్సు మీద వేయించుకుని, దసరా వెళ్ళిన వారానికి ఊళ్ళో దిగింది. నెల తిరిగేసరికి దొరసానమ్మ కాస్తా పంతులమ్మ అయింది. జొన్నరొట్టె, గోంగూర, పాపమ్మ తిట్లు, అన్నీ ఒంటబట్టాయి. ఈ ఊరు వదిలి పోబుద్ధి కావడం లేదని ఇంటికి ఉత్తరం కూడా రాసింది. అంతా బాగానే ఉంది, బడిలో పిల్లలు మాత్రం లేరు.

పది గంటలకు గంట కొడితే నలుగురు వచ్చేవాళ్ళు. అందులో ఒకడు పలక నాకడం తప్ప ఇంకే విద్యా రాని మూడేళ్ళవాడు. మిగతా పిల్లలందరూ ఆ వేళకు గొర్రెల వెంట కొండవాలున ఉండేవాళ్ళు. ఇంతలో పైనుంచి కాగితం వచ్చింది. వచ్చే నెలాఖరు గురువారం ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తాడు. ఇరవై మంది పిల్లలు కంటబడకపోతే బడి ఎత్తేసి, నాలుగు మైళ్ళ అవతలి బడిలో కలిపేస్తారు. పంతులమ్మను వేరే జిల్లాకు పంపిస్తారు. గొర్రెలు కాసే పిల్లలు నాలుగు మైళ్ళు నడిచి చదువుకుంటారా? ఆ ఊరికి చదువు అంతటితో సరి.

ఇంగ్రిడ్‌కు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఊరి బయట, గొర్రెల కాపరులకు పెద్ద అయిన కాటమరాజు దొడ్డి దగ్గరికి పోయి చూసింది. గొర్రెలన్నీ ముళ్ళకంప దొడ్లో మే మే అని అరుస్తున్నాయి. పిల్లలేమో చలిమంట చుట్టూ మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. పొద్దుపొడిచి గంటైనా ఒక్కరూ లేవరు! ఆమెకు ఒళ్ళు మండింది. ఇంత బద్ధకమా? తెల్లారగానే వదిలితే గొర్రెల కడుపులు పదింటికి నిండుతాయి, పిల్లలు బడికి వస్తారు, ఇంతే కదా లెక్క! ఎవరినైనా ఒక్క మాట అడిగితే ఏం పోయేది? అడగలేదు. మర్నాడు ఎవరూ లేవకముందే పోయి, దొడ్డి వాకిట అడ్డం పెట్టిన కంప లాగేసింది.

మధ్యాహ్నానికి కొంప మునిగింది. నాలుగు గొర్రెలు కడుపులు ఉబ్బి, కాళ్ళు బార్లా చాచి పడిపోయాయి. కాటమరాజు వాటికి ఆముదం తాగించి, కడుపులు పామి, లేపి నడిపించి నానా తంటాలు పడ్డాడు. మూడు బతికాయి. తొలిచూలు గొర్రె ఒకటి చచ్చిపోయింది. దాన్ని పిల్లప్పటినుంచీ సాకిన ఆయన మనవరాలు కొండమ్మ, పదేళ్ళది, వెక్కివెక్కి ఏడుస్తూ కూర్చుంది.

"కంప తీసింది నేనే," అంది ఇంగ్రిడ్. ఇంకొకరైతే గుట్టుచప్పుడు కాకుండా ఊరుకునేవాళ్ళు, ఆ పిల్ల ఊరుకోలేదు.

అరవై దాటిన కాటమరాజు ఇప్పుడు ఊరు లేచిపోయేట్టు అరుస్తాడని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"మా పిల్లోళ్ళు ఇంక నీ బడికి రారు. రేపు పొద్దున నువ్వే నా దొడ్డికి రా."

వచ్చింది. ఆయన ఆమె అరచెయ్యి పట్టుకుని గడ్డిలో అదిమాడు.

"ఏముంది?"

"తడి."

"ఈ మంచుగడ్డి మేసిందంటే గొర్రెకు ఉబ్బరమే. ఆరిందాకా కంప తీయగూడదు. అరిచినా తీయగూడదు. నీ చేతికి తెలిసిందాకా రోజూ రావాల."

రోజూ పోయింది. ఆరిందని ఆమె అనడం ఆలస్యం, ఆయన గడ్డిదుబ్బు మొదలంటా పీకి చూపించేవాడు. "పైన ఆరింది. కిందేంది మరి?" చూస్తే కింద తడే. ఐదు రోజులకు గానీ చెయ్యి తిరగలేదు. ఆ ఐదు రోజుల్లోనే ఇంకో సంగతీ కళ్ళబడింది. పొద్దుపొడుపు మొదలు మంచు ఆరేదాకా, అంటే రెండు రెండున్నర గంటలు, ఇరవై పైచిలుకు పిల్లలకు చలి కాచుకోవడం తప్ప పనే లేదు! ఓసి నా తెలివి మండా, అనుకుంది అచ్చం పాపమ్మలాగే.

ఆరోరోజు గోనెసంచిలో పలకలు మోసుకుపోయి దొడ్డి పక్కన దించింది. ఈసారి మాత్రం అడిగి తీరాలనుకుంది.

"తాతా, మంచు ఆరేదాకా రాసుకోనిస్తావా?"

కాటమరాజు పలకల వంక చూశాడు, పిల్లల వంక చూశాడు. "ఆరిందాకా. ఆరిందని నేనన్నానంటే పలక కింద పెట్టాల్సిందే. అచ్చరం సగంలో ఉన్నా సరే."

అన్నమాట అన్నట్టే నడిపించాడు, మొండిమనిషి! కొండమ్మ తన పేరులో 'కొండ' రాసేసరికి ఓ రోజు మంచు ఆరిపోయింది. గొర్రెలు కదిలాయి. పాపం ఆ పిల్ల మిగతా అక్షరం కొండమీద బండకు సుద్దరాయితో రాసి వచ్చి, సాయంత్రం పంతులమ్మకు గొప్పగా చెప్పింది. అలా మూడు వారాలు నడిచింది. ఇన్‌స్పెక్టరుకు ఇంగ్రిడ్ ఉత్తరం రాసింది, గురువారం దయచేసి ఏడింటికల్లా దొడ్డి దగ్గరికే రండి అని. వస్తానని జవాబు వచ్చింది.

గురువారం ఏడైంది, ఇన్‌స్పెక్టరు రాలేదు. ఎనిమిదైంది. ఇరవై ముగ్గురు పిల్లలు తలలకు నూనె రాసుకుని, పలకలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎనిమిదిన్నరకు తూర్పుగాలి లేచింది. ఆ గాలికి మంచు నిలవదని ఇంగ్రిడ్‌కు తెలుసు. మెల్లిగా వంగి అరచెయ్యి గడ్డికి ఆనించింది. పొడి. దుబ్బు మొదలంటా పీకి చూసింది. అక్కడా పొడే. రోడ్డు వంక చూస్తే కనుచూపు మేరలో జీపు లేదు. నోరు మూసుకుని ఊరుకోవచ్చు, ఎవరడుగుతారు? కానీ చచ్చిన గొర్రె కళ్ళముందు మెదిలింది. మాట మాటే.

"తాతా, ఆరింది," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్లలు పలకలు కింద పెట్టబోయారు.

కాటమరాజు నిదానంగా వంగాడు. అరచెయ్యి గడ్డికి ఆనించి చాలాసేపు ఉంచాడు.

"ఇంకా తడి ఉండాది. రాయండి."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మంచు సంగతిలో కాటమరాజు మాట తప్పిన రోజు ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. తొమ్మిదైంది. గొర్రెలు దొడ్డి పీకి పందిరేస్తున్నాయి. ఆయన మళ్ళీ వంగి, "తడే," అన్నాడు. తొమ్మిదిన్నరకు గాలికి దుమ్ము లేచి అందరి కళ్ళలో పడింది. అప్పుడూ, "తడే." రొట్టెలు తెచ్చిన పాపమ్మ నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగింది.

పదింటికి జీపు వచ్చింది. దారిలో చక్రం గాలి పోయిందట. ఇన్‌స్పెక్టరు కనుబొమల దాకా దుమ్ము కొట్టుకుని దిగాడు. పిల్లలను లెక్కపెట్టాడు. కొండమ్మను పిలిచి పేరు రాయమంటే, తన పేరూ, తాత పేరూ రెండూ రాసి చూపించింది. ఆయన తలాడించి, దొడ్డి వంక తిరిగాడు.

"ఏం పెద్దాయనా, ఇంత పొద్దెక్కినా గొర్రెలను తోలలేదే?"

"మంచు ఆరలే సార్," అన్నాడు కాటమరాజు, కన్నార్పకుండా.

ఇన్‌స్పెక్టరు సూర్యుణ్ణి చూశాడు, తన బూట్ల మీది దుమ్ము చూశాడు, చివరికి ముసలాయన మొహం చూశాడు. ఆయనా ఏ సేద్యగాళ్ళ ఇంట్లోనో పుట్టి ఉంటాడు. పెదవి కొరుక్కుని రిజిస్టరు తీశాడు. హాజరు ఇరవై మూడు అని రాశాడు. బడి వేళలు అన్నచోట కాసేపు ఆగి, చలికాలంలో పొద్దుపొడిచింది మొదలు మంచు ఆరేదాకా అని రాసి సంతకం పెట్టాడు.

జీపు మలుపు తిరిగింది. ఇంగ్రిడ్ కాటమరాజు దగ్గరికి వచ్చింది.

"తాతా, ఎనిమిదిన్నరకే ఆరింది. నా చెయ్యి తప్పిందా?"

"తప్పింది," అన్నాడాయన, ఎటో చూస్తూ. "నీకింకా చెయ్యి కుదరలేదు. వచ్చే చలికాలం గూడా ఉండి నేర్చుకోవాల." తర్వాత వంగి గడ్డి తడిమాడు. "ఇప్పుడారింది. పో, కంప తీయి. నువ్వే తీయి."

ఇంగ్రిడ్ నవ్వుతూ, ఏడుస్తూ పోయి రెండు చేతులా కంప పట్టుకుని లాగింది. నకనకలాడుతున్న గొర్రెలు ఆమె చీర రాసుకుంటూ ఒక్కసారిగా బయటికి ఉరికాయి.