డాక్టరమ్మ అతికించిన చెవి

నేను ఒక ప్లాస్టిక్ రింగుని. స్విమ్మింగ్ పూల్ గోడలో, నీళ్ళ అడుగున వెలిగే దీపం చుట్టూ తెల్లగా, గుండ్రంగా కనిపిస్తుందే, అదే నేను. దీపం గోడలోంచి ఊడిపోకుండా పట్టుకోవడం నా ఉద్యోగం.

ఏ ఊళ్ళో పుట్టానో సరిగ్గా తెలియదు. కరిగిన ప్లాస్టిక్‌ని అచ్చులో పోశారు. చల్లారాక అంచులు గీకి, మరలు బిగించే నా చెవులకి రంధ్రాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి డబ్బాలో పడేశారు. ఆ డబ్బా తెరుచుకునేసరికి విశాఖపట్నంలో ఉన్నాను, మధురవాడ కొండవాలున కట్టిన ఒక అపార్ట్‌మెంట్‌లో. పూల్ చూసుకునే పైడిరాజు నన్ను గోడకి బిగించాడు. ఏళ్ళ తరబడి క్లోరిన్ నీళ్ళలో నాని నా తెలుపు పసుపయింది. ఒళ్ళు పెళుసెక్కింది.

నీళ్ళలోంచి చూస్తే మనుషులు భలేగా ఉంటారు. ఒడ్డున అందరినీ అదిలించే అసోసియేషన్ సెక్రటరీ ధర్మారావు గారు, నీళ్ళలో దిగాక ముక్కు మూసుకుని మునక వేసి, ఎవరైనా నవ్వుతున్నారేమోనని చుట్టూ చూసేవారు. ఎనిమిదో తరగతి చదివే సంహిత మాత్రం చేపే. గోడ దగ్గరికి వచ్చి, నీళ్ళలో పల్టీ కొట్టి, రెండు కాళ్ళతో గోడని తన్ని బాణంలా వెనక్కి పోయేది. రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలు దగ్గరపడ్డాయని పొద్దునా సాయంత్రమూ అదే సాధన.

ఎండ మండే మధ్యాహ్నం, పూల్ ఖాళీగా ఉండే వేళ చూసి హైమవతి గారు వచ్చేవారు. ఆవిడ పళ్ళ డాక్టరు. కింద మెయిన్‌రోడ్డు మీద క్లినిక్. యాభై దాటాక ఈత నేర్చుకోవాలనిపించింది. ఒళ్ళు కాస్త భారీ. ఈత బట్టల్లో ఎవరి కంటా పడటం ఇష్టంలేక ఆ వేళ ఎంచుకున్నారు.

ఒక రోజు అంచు పట్టుకుని నడుస్తూ లోతు వైపుకి వచ్చేశారు. కాలికి నేల అందలేదు. కంగారులో పాదాలతో గోడ తడిమి, నేను తగలగానే నా మీద కాలు మోపి, ఒక్క ఉదుటున ఒడ్డుకి ఎగబాకారు. నా పై చెవి టప్పున విరిగింది. దీపం గూట్లోంచి జారి వైరుకి వేలాడింది. ఆవిడ ఒడ్డున కూర్చుని ఆయాసపడుతూ నీళ్ళలోకి చూశారు. తరవాత అటూ ఇటూ చూశారు. తువ్వాలు చుట్టుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం పైడిరాజు కరెంటు ఆపి, దీపం పైకి తీసి, నన్నూ నా విరిగిన చెవినీ ఒడ్డున బల్ల మీద పెట్టాడు. జనం మూగారు.

"ఎవరికైనా షాక్ కొడితే? ఇది బాగయ్యేదాకా పూల్‌కి తాళమే," అన్నారు ధర్మారావు గారు. "అసలెలా విరిగింది?"

"నాకేటి తెలుసు బాబూ," అన్నాడు పైడిరాజు.

"ఈ గోడని రోజూ తన్నేది ఎవరు?" అన్నారెవరో.

అందరి కళ్ళూ సంహిత మీదికి తిరిగాయి. ఆ పిల్ల నా విరిగిన అంచుని వేలితో తడిమింది. "నేనే అయ్యుంటాను అంకుల్. పొద్దున టర్న్ తిరిగేటప్పుడు మడమ దేనికో తగిలింది. సారీ," అంది.

మడమ తగిలింది గోడకి. పిల్ల మాత్రం తనే విరగ్గొట్టానని నిజంగా నమ్మింది.

గుంపు వెనక హైమవతి గారున్నారు. ఏదో చెప్పబోయారు. అంతలో ధర్మారావు గారు, "ఈ మోడల్ ఇప్పుడు దొరకదట. తయారుచేసేవాళ్ళే మూసేశారట," అన్నారు. ఆవిడ నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"నాకివ్వండి. కట్టుడు పళ్ళు అతికిస్తాను కదా, దీన్నీ చూస్తాను."

"డాక్టరమ్మ గారిది ఎంత మంచి మనసో!" అన్నారు పక్కవాళ్ళు. ఆవిడ తల వంచుకుని నన్ను చేతిరుమాల్లో చుట్టుకున్నారు.

క్లినిక్‌లో ముందు బజారు జిగురుతో అతికించి బకెట్ నీళ్ళలో వేశారు. తెల్లారేసరికి ఊడింది. నన్ను మళ్ళీ బల్ల మీద పెట్టుకున్న రోజే సంహిత వాళ్ళమ్మ పన్ను నొప్పితో వచ్చింది.

"పాప ఇంక ఈదనంటోంది డాక్టర్ గారూ. వాళ్ళ కోచ్ వేరే పూల్‌కి తీసుకెళ్తానన్నా కదల్లేదు. అందరి పూల్ మూయించి నేనెలా ఈదుతానమ్మా అంటోంది."

హైమవతి గారు చేతులు కడుక్కున్నారు. మళ్ళీ కడుక్కున్నారు. తరవాత, "నోరు తెరవండి," అన్నారు. రోజంతా అందరిచేతా నోరు తెరిపించే మనిషి, తన నోరు మాత్రం తెరవలేకపోయారు.

సంహిత వాళ్ళమ్మ వెళ్ళాక హైమవతి గారు నా మీద పడ్డారు. సన్నటి డ్రిల్లుతో విరిగిన అంచుల్ని గరుకు చేసి, గాడి తీసి, వంకర పళ్ళకి కట్టే స్టీలు తీగ ముక్కని అందులో పరిచారు. కట్టుడు పళ్ళ చిగుళ్ళకి వాడే గులాబీ రంగు పొడిని దాని ద్రవంతో ముద్ద చేసి నింపారు. గట్టిపడ్డాక అరగదీసి, మరకి రంధ్రం వేసి, బకెట్లో నానబెట్టారు. ఈసారి ఊడలేదు. ఆవిడ మొహంలో మాత్రం సంతోషం లేదు. ఎంపిక పోటీలు అప్పటికే సంహిత లేకుండానే జరిగిపోయాయి.

పైడిరాజు నన్ను బిగించి దీపం వెలిగించగానే చప్పట్లు మోగాయి. సంహిత ముందుకొచ్చింది.

"థాంక్స్ ఆంటీ. నేను విరగ్గొట్టింది మీరు బాగుచేశారు."

ఆ మాట తట్టుకోలేకపోయారు హైమవతి గారు. "నువ్వు కాదమ్మా," అన్నారు, అందరికీ వినపడేలా. "ఆ మధ్యాహ్నం నేను దాని మీద కాలేసి ఎక్కాను. నా బరువుకే విరిగింది."

సంహిత ఆవిడవైపు తిరిగింది.

"నేను సారీ చెప్తున్నప్పుడు మీరు అక్కడే ఉన్నారు కదా?"

"ఉన్నాను."

"మరి..." అంది సంహిత. గబగబా లిఫ్ట్ వైపు వెళ్ళిపోయింది.

ధర్మారావు గారు గొంతు సవరించుకున్నారు. "పోనీలెండి డాక్టర్ గారూ, పెద్దవాళ్ళకీ పొరపాట్లు జరుగుతాయి." ఆ రోజు పిల్ల సారీ చెప్పినప్పుడు మాత్రం ఆయన ఈ మాట అనలేదు.

"పోనివ్వకండి," అన్నారు హైమవతి గారు. "ముందు ఆ పిల్లకి మీరూ సారీ చెప్పండి. నేను వాళ్ళింటికే వెళ్తున్నాను."

ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. సంహిత మళ్ళీ ఈతకి వచ్చింది. హైమవతి గారు మధ్యాహ్నాలు మానేసి, అందరూ ఉండే సాయంత్రం రావడం మొదలుపెట్టారు. ఆవిడ దిగగానే సంహిత అవతలి అంచుకి జరిగిపోయేది. ఆవిడ పిలిచేవారు కాదు, రావడం మానేవారూ కాదు. అంచు పట్టుకుని, నాకు దగ్గర్లోనే, సైకిల్ తొక్కినట్టు కాళ్ళాడించేవారు.

ఇప్పుడు పూల్‌కంతా కొత్త దీపాలొచ్చాయి. నేను పంపు గదిలో, తుప్పు మరలతో పాటు ఒక గోనెసంచిలో ఉన్నాను. రేపో మాపో పాత సామాన్లవాడి బండెక్కుతాను. గోడలో నా చివరి సాయంత్రం మాత్రం బాగా గుర్తుంది. సంహిత వేగంగా ఈదుకుంటూ వచ్చింది. పల్టీ కొట్టకుండా అంచు పట్టుకుని ఆగింది. హైమవతి గారి కాళ్ళవైపు కాసేపు చూసింది.

"మోకాళ్ళు మడవకండి ఆంటీ. తుంటి దగ్గర్నుంచి కొట్టాలి."

హైమవతి గారు కాళ్ళు చాచి కొట్టారు. నీళ్ళు ఎగసి ఇద్దరి మొహాల మీదా పడ్డాయి.

సంహిత కళ్ళు తుడుచుకుంది. "ఇంకోసారి," అంది.