వన్స్ మోర్

నాటకాల ఏసుపాదానికి పవర్ మెటల్ అనే హోరు రాక్ సంగీతం అంటే ఏంటో తెలియదు. తెలిసిన కౌశిక్‌కేమో పాడేవాడు దొరకలేదు. తెనాలిలో గిటారు వాయించే కౌశిక్, బాపట్ల డ్రమ్మరు, రేపల్లె చర్చిలో కీబోర్డు వాయించే జ్ఞానానందం, ఇలా మూడు ఊళ్ళ బ్యాండుల్లోంచి గట్టివాళ్ళను ఏరి కట్టిన జట్టు అది. దానికి సూపర్ గ్రూప్ అని పేరు కూడా వాళ్ళే పెట్టుకున్నారు, ఇంకెవరూ పెట్టేలా లేరు కాబట్టి. గిటారు పరుగెత్తుతుంటే, రెండు కాళ్ళతోనూ డ్రమ్ము దడదడలాడిస్తుంటే, వాటన్నిటి మీదా ఒక గొంతు తీయగా నిలబడాలి. నలుగురు కుర్రాళ్ళు ప్రయత్నించి, గొంతు బొంగురుపోయి ఇళ్ళకు వెళ్ళారు.

"మా ఊళ్ళో పద్యనాటకాలాడే బాబాయ్ ఒకాయన ఉన్నాడు. మైకు లేకపోయినా చివరి వరసకి వినిపిస్తాడు," అన్నాడు జ్ఞానానందం.

టీవీ సీరియళ్ళు వచ్చాక నాటకాల పందిళ్ళు ఖాళీ అయ్యాయి. ఏసుపాదం ముఖానికి రంగు వేసుకుని ఏడాదైంది. కౌశిక్ వాళ్ళు సాధన చేసే తెనాలి షెడ్డుకు వెళ్ళి వాళ్ళ పాట విన్నాడు. పద్యం చివర తీసే రాగం లాంటిదే కదా అనుకుని ఐదు శ్రుతిలో, అంత పైస్థాయిలో ఎత్తాడు. కౌశిక్ వాయించడం మానేసి చూస్తుండిపోయాడు. ఆ చూపుతో ఏసుపాదానికి ప్రాణం లేచివచ్చింది. ఈ స్టేజీ కూడా పోతే తన గొంతుకు ఇంకోటి దొరకదని ఆయనకు తెలుసు.

2006లో బాపట్లలో ఒక కాలేజీలో పోటీ పెట్టారు. గెలిచిన జట్టుకు సీడీ చేయిస్తారట. పాట సగంలో ఏసుపాదం రాగం తీసి ముగించగానే వెనకనుంచి ఎవరో "వన్స్ మోర్" అన్నారు. తర్వాత హాలంతా అదే మాట. నాటకంలో ఆ మాట వినబడితే, చచ్చి పడివున్న పాత్ర కూడా లేచి, పద్యం మళ్ళీ పాడి చావాల్సిందే. కాదంటే జనాన్ని అవమానించినట్టు. ఏసుపాదం ఆగాడు, నమస్కారం పెట్టాడు, రాగాన్ని మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. డ్రమ్ములు అప్పటికే ముందుకు వెళ్ళిపోయాయి. గిటారుకు ఎటు పోవాలో తెలియలేదు. పాట కుప్పకూలింది.

"పాట ఆగకూడదని ఎన్నిసార్లు చెప్పాను బాబాయ్?" అన్నాడు కౌశిక్, స్టేజీ దిగాక.

"జనం అడిగారు కదయ్యా."

"జనం కాదు, మార్కులేసేది జడ్జీలు. రేపట్నుంచి మీరు రావద్దులెండి."

బాబాయ్ పోయి మీరు వచ్చేసరికి ఏసుపాదానికి సంగతి అర్థమైంది. తీసుకొచ్చిన జ్ఞానానందం సంచి జిప్పు లాగుతూ తలెత్తలేదు.

మరుసటి ఏడాది హైదరాబాదు కుర్రాణ్ణి పెట్టుకుని అదే పోటీ గెలిచారు. సీడీ వచ్చిందని తెలిసి ఏసుపాదం తెనాలిలో సాంబశివరావు క్యాసెట్ల షాపుకు వెళ్ళి, వినిపించమన్నాడు.

రాగం చోటు వచ్చింది. ఆ కుర్రాడి గొంతు అక్కడిదాకా చాలదు కాబోలు, గిటారుతో కానిచ్చారు. తన రాగమే, గమకాలతో సహా. అది ముగియగానే, పాట లోపలే, జనం కేకలు: వన్స్ మోర్, వన్స్ మోర్. ఎక్కడో రికార్డు చేసి అతికించారు. డ్రమ్ములు బుద్ధిగా ఆగాయి. గిటారు రాగాన్ని మళ్ళీ మొదటినుంచి అందుకుంది.

దేనికైతే తనను గెంటారో దాన్నే దాచుకున్నారు.

"ఆ బిట్టు భలే ఉందండి. ఇంకోసారి వెయ్యమంటారా?" అన్నాడు సాంబశివరావు.

"వద్దండి," అన్నాడు ఏసుపాదం. వన్స్ మోర్ వద్దనడం ఆయన జన్మలో అదే మొదటిసారి.