నడుం బాగుందని రాసిన కాయితం

మేనకోడలు ఫిజియోథెరపీ చదివి దీవి పట్నంలోని గోల్ ఘర్‌లో ఒక క్లినిక్‌లో కూర్చున్నాక, తనకి కావలసిన కాయితం వచ్చేసినట్టేనని నూకన్న అనుకున్నాడు. నడుం నొప్పి వల్ల వల లాగలేడని కాయితం తెస్తే ఒడ్డునే ఐసు పెట్టెల దగ్గర పని ఇస్తానని పడవ యజమాని ధనరాజు మాటిచ్చాడు మరి.

"రాసియ్యి తల్లీ. సిన్న కాయితమే కదా," అన్నాడు.

"చూడకుండా ఎలా రాస్తాను మావా? వంగు," అంది సుష్మ.

ఆ ఇంట్లో డిగ్రీ పుచ్చుకున్న మొదటి మనిషి ఆమె. మావ కదా అని లేనిది రాస్తే ఆ చదువుకే మచ్చ అనుకుంది.

నూకన్న గచ్చు మీద నిలబడి ముందుకి వంగాడు. మొదట నడుం వంగింది. దాని వెంటే కటి ఎముక తొడల మీద తిరిగింది. వేళ్ళు పాదాలదాకా వెళ్ళాయి. లేచేటప్పుడు ముందు కటి వెనక్కొచ్చింది, ఆపైన నడుం నిలబడింది. పుస్తకంలో బొమ్మ వేసినట్టే ఉంది. మొహం మాత్రం నొప్పికి ముడుచుకుంది.

నడుం, కటి కదలికలు బాగున్నాయి, తుంటి దగ్గర వంగడం అలవాటు చేసుకుంటే వేటకి వెళ్ళవచ్చు, అని రాసి ముద్ర వేసింది.

ధనరాజు అది చదివి నవ్వాడు. "నీ మేనకోడలే ఠీక్ హై అంటోంది కదా భయ్యా. చలో, పడవెక్కు." ఐసు పెట్టెల పని తన బామ్మర్దికి ఇచ్చేశాడు.

రెండు వారాలు పోయాక, ఒక ఆదివారం సుష్మ జంగ్లీఘాట్ రేవుకి వెళ్ళింది. నూకన్న కట్టేసిన పడవలో వల సర్దుతున్నాడు.

"నే చెప్పినట్టు తుంటి దగ్గర వంగుతున్నావా మావా?"

"ఇలా రా. నువ్వే ఒంగి సూపించు."

ఆమె పడవలోకి దిగి, ఆయన చూపించినట్టు రెండు తొడలూ పడవ అంచుకి గట్టిగా ఆనించి నిలబడింది. అలా ఆనకపోతే అలకి సముద్రంలో పడతారు. ఆయన నీళ్ళలో వదిలిన వల అందుకుని లాగింది. అంచు అడ్డుపడి తుంటి వంగలేదు, కటి మేకులు కొట్టినట్టు అక్కడే ఉండిపోయింది. బరువంతా నడుం కింది ఎముకల మీద పడింది. నాలుగు బారలు లాగేసరికి నడుం పట్టేసి వల వదిలేసింది. ఆయన నలభై ఏళ్ళుగా లాగుతున్నాడు.

"క్లినిక్‌లో చెప్పలేదేం మావా?"

"నువ్వు ఒంగమన్నావు, ఒంగినాను. పడవ సంగతి నువ్వు అడగనేదు."

మర్నాడే, పడవలో వల లాగకూడదని ఇంకో కాయితం రాసి ధనరాజు చేతికిచ్చింది.

"మొన్నదీ నీ ముద్రే, ఇదీ నీ ముద్రే. ఏది నమ్మమంటావు దీదీ?" అన్నాడతను. "ఇంట్లో వాళ్ళు పోరుపెట్టారా?" కాయితం తిప్పి ఇచ్చేశాడు.

నూకన్న మళ్ళీ క్లినిక్ గడప తొక్కలేదు. డాలీగంజ్‌లో మావ ఇంటికి భోజనానికి వెళ్ళినప్పుడు సుష్మే అడిగింది, నొప్పి ఎలా ఉందని.

"నొప్పా? నేదు తల్లీ. బాగుందని నువ్వే రాసినావు కదా. ఇంకా ఉందంటే నిన్ను అబద్ధాలకోరుని సేసినట్టు కాదా," అని నవ్వి, చెయ్యి కడుక్కోవడానికి లేవబోయాడు.

ముందు మోకాళ్ళ మీద చేతులు పెట్టాడు. తర్వాత తొడల మీద. తన ఒంటినే నిచ్చెన చేసుకుని ఎక్కుతున్నట్టు, కొంచెం కొంచెంగా లేస్తున్నాడు. ఆయన పూర్తిగా నిలబడకముందే సుష్మ కంచంలోకి చూపు దించుకుంది.