ముందే రాసిన జవాబు

కంటి ఆసుపత్రి హాల్లో ఒక పెద్దాయన పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా గోడమీది బోర్డును చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు జాబితాలో ఆయనదే చివరి పేరు. వంతు వచ్చినప్పుడు పేరు వెలిగింది కూడా. కాకపోతే మొదటి అక్షరం ఉండాల్సిన చోట ఒక ఖాళీ గడి వచ్చింది. అసలే చూపు ఆనక వచ్చిన మనిషి, అది తన పేరని ఎలా అనుకుంటాడు? మూడుసార్లు వెలిగి ఆరిపోయింది. మనిషి పలకలేదని రాసుకుని డాక్టరు ఇంటికి వెళ్ళిపోయాడు. పెద్దాయన ఆపరేషన్ ఆరు వారాలు వెనక్కి పోయింది.

ఆ గడికి కారణం నేను. ఈ మాట ఇక్కడ ఇంత తేలిగ్గా రాస్తున్నానంటే, చెప్పాల్సిన చోట చెప్పలేదు కాబట్టే.

ఆ బోర్డులు తయారుచేసేది మా ఆఫీసు. చవక బోర్డులు, మెమరీ తక్కువ. అన్ని అక్షరాల బొమ్మలూ వాటిలో పట్టవు. అందుకని రోజూ పొద్దున్నే ఆ రోజు పేర్ల జాబితా తీసుకుని, అందులో వచ్చిన అక్షరాలను ఒక్కొక్కదాన్ని ఒక్కసారి చొప్పున ఏరి, వాటి బొమ్మలు మాత్రమే బోర్డుకు పంపాలి. అలా ఏరిపెట్టే ఫంక్షన్ నేను రాశాను. మొత్తం ఇరవై రెండు వరుసల కోడ్. దాన్ని చూసుకుని మురిసిపోయిన రోజు కూడా ఉంది, సిగ్గులేకుండా.

మా ఆఫీసులో ఒక నియమం ఉంది. రాసినవాడు టెస్ట్ చేయకూడదు, వేరేవాళ్ళు చేయాలి. నా ఫంక్షన్‌ను టెస్ట్ చేసింది నా చెల్లెలు. ఆ ఉద్యోగంలో చేర్పించింది నేనే. చెల్లెలి మీద ప్రేమతో అని అందరూ అనుకున్నారు, నేనూ అనుకోనిచ్చాను. నిజం ఏమిటంటే, కాపురం చెడి కూతురితో వచ్చిన చెల్లెలు అప్పటికి పద్నాలుగు నెలలుగా మా ముందుగదిలో ఉంటోంది. "మీ చెల్లెలు ఫ్యాను ఆపదు" అని నా భార్య రోజుకు రెండుసార్లు అనేది. ఫ్యాను గురించి కాదని ఇంట్లో అందరికీ తెలుసు, చెల్లెలితో సహా. ఉద్యోగం వచ్చిన మూడో నెలలోనే అది బట్టలు కుట్టే షాపు మీద రెండు గదులు చూసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు దాని మొహంలో కనిపించిన వెలుగు అంతకుముందు దాని పెళ్ళిలో కూడా నేను చూడలేదు. ఉద్యోగం ఉన్నంతకాలం ఆ రెండు గదులు దానివి. ఉద్యోగం పోతే మళ్ళీ మా ముందుగది, మా ఫ్యాను.

పెళ్ళికి ముందు అది ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. అక్కడి అలవాటు ఇక్కడికీ తెచ్చుకుంది. ప్రతి టెస్టుకూ నోటుబుక్కులో మూడు గళ్ళు గీసేది. మొదటి గడిలో ఏం అడగాలో రాసేది. రెండో గడిలో రావాల్సిన జవాబు, మెషీన్ ముందు కూర్చోకముందే, పెన్సిల్‌తో. మూడో గడి ఖాళీగా ఉంచి, మెషీన్ జవాబు చూశాక ఎర్ర పెన్సిల్‌తో టిక్కో ఇంటూయో పెట్టేది. మేమందరం చేసేది వేరు. ఫంక్షన్ ఏమిస్తే దాన్నే కాపీ చేసి, రావాల్సిన జవాబు ఇదే అని అతికిస్తాం. అప్పుడు ఏ టెస్టూ తప్పదు కదా. ఆఫీసులో దానికి పెన్సిల్ మేడమ్ అని పేరు పెట్టారు. నేనూ నవ్వాను.

"మెషీన్ చెప్పాక నేను రాస్తే, దాన్ని నేను పరీక్షించినట్టా, అది నన్ను పరీక్షించినట్టా?" అనేది.

పదిహేడో టెస్టులో మూడే మాటలు ఇచ్చింది, వరుసకు ఒకటి. గోడ, గొడుగు, ఝంకారం. చివరి మాట తర్వాత ఎంటర్ కొట్టలేదు. నా ఫంక్షన్ ఎంటర్ కనబడితేనే వరుస పూర్తయినట్టు లెక్క వేసుకుంటుంది. చివర ఎంటర్ లేకపోతే ఆ చివరి వరుసను చూడనే చూడదు. ఝ రాలేదు.

"అన్నయ్యా, పదిహేడోది తప్పింది" అంది నా బల్ల దగ్గరికి వచ్చి.

"చివర ఎంటర్ కొట్టలేదు కదా, అందుకే."

"కొట్టకపోతే చివరి మనిషి పోతాడా?"

"ఆసుపత్రి గుమాస్తా ఎప్పుడూ కొడుతుంది. వాళ్ళు నమూనాకు పంపిన జాబితాలన్నీ చూశాను."

"ఆవిడ సెలవు పెడితే?"

"నీకు అన్నీ అపశకునాలే" అన్నాను. సరిచేయడానికి పది నిమిషాలు పట్టేది. కానీ చెల్లెలు పట్టిన తప్పు కాబట్టి చేయబుద్ధి కాలేదు. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేదని చాలాసార్లు వెతికాను. లేదు.

మా మేనేజరుకు మేం పెట్టిన పేరు రేపటికల్లా. ఏ పని అడిగినా రేపటికల్లా కావాలంటాడు. శుక్రవారం నాలుగున్నరకు చెల్లెలు కూతుర్ని బడి నుంచి తీసుకురావడానికి వెళ్ళిపోయాక వచ్చాడు.

"రేపటికల్లా బోర్డులు ఆసుపత్రికి ఎక్కాలి. రిపోర్టు ఏది?"

చెల్లెలి టెస్టుల ఫైలు తెరిచి, పదిహేడో దాని ముందు స్కిప్ అని పెట్టాను. అలా పెడితే మెషీన్ ఆ టెస్టును దాటి వెళ్ళిపోతుంది. మా రిపోర్టు మొదటి పేజీలో ఫెయిల్ ఎన్ని అనే ఉంటుంది. దాటేసినవి ఎన్నో నాలుగో పేజీలో ఉంటాయి, అక్కడిదాకా ఎవరూ వెళ్ళరు. ఫెయిల్: సున్నా. కింద టెస్ట్ చేసినవారు అన్నచోట చెల్లెలి పేరు దానంతటదే పడింది.

సోమవారం అది చూసింది. "పదిహేడోది నువ్వు తీశావా?"

"తర్వాత పెడదాంలే."

నోటుబుక్కు మూసుకుని వెళ్ళిపోయింది. ఉద్యోగం ఇప్పించిన అన్నయ్యతో ఎవరు పోట్లాడతారు?

బోర్డులు పెట్టిన పదకొండో రోజున ఆసుపత్రి గుమాస్తా సెలవు పెట్టింది. బదులు వచ్చినావిడ చివరి పేరు కొట్టి, ఎంటర్ కొట్టకుండా పంపేసింది. ఆ పేరు మొదటి అక్షరం జాబితాలో ఇంకెవరికీ లేదు. పెద్దాయన కొడుకు ఆ గడిని ఫోటో తీసి ఆసుపత్రివాళ్ళ మొహాన పెట్టాడు, వాళ్ళు మా మొహాన పెట్టారు.

మీటింగు గదిలో ముగ్గురమే ఉన్నాం. మేనేజరు రేపటికల్లా రిపోర్టు తిరగేసి, కింద ఉన్న పేరు మీద వేలు పెట్టాడు.

"చివరి వరుస సంగతి మీరు చూడలేదామ్మా?"

"చూశాను సార్. టెస్టు రాశాను."

"రాస్తే ఫెయిల్ సున్నా అని ఎలా వచ్చింది?"

చెల్లెలు నా వైపు చూసింది. కోపంగా కాదు. చెప్పడానికి నాకు దారి ఇస్తున్నట్టు, కాస్త పక్కకు జరిగి చూసింది. ఎవరు ఏ గంటకు ఏ ఫైలు మార్చారో మా కంప్యూటర్లలో అంతా రాసి ఉంటుంది. శుక్రవారం, నాలుగు నలభై, నా పేరు. ఎవరైనా రెండు మీటలు నొక్కితే చాలు. ఎవరూ నొక్కలేదు. నేను తేలు కుట్టిన దొంగలా పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాను.

"పొరపాటు జరిగింది సార్" అంది చెల్లెలే చివరికి. ఎవరిదో చెప్పలేదు.

మర్నాడు చెల్లెల్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ మధ్యాహ్నమే స్కిప్ తీసి, కోడ్‌లో ఒక వరుస చేర్చాను. పదిహేడో టెస్టు పాసయింది. తొందరగా సరిచేశానని రేపటికల్లా భుజం తట్టాడు. ఆ చేతిని విసిరికొట్టాలనిపించింది, థాంక్స్ చెప్పాను.

ఆ ఆదివారం షాపు మీది గదులకు వెళ్ళాను. కింద కుట్టు మెషీన్లు ఆగకుండా నడుస్తున్నాయి. రేపు వెళ్ళి అసలు సంగతి చెప్పేస్తానన్నాను.

"వద్దులే అన్నయ్యా. నీ ఉద్యోగం కూడా పోతే వదిన ఇద్దరినీ కలిపి తిడుతుంది" అని నవ్వింది. తర్వాత నవ్వకుండా అంది: "ఒక చోట ఇంటర్వ్యూ బాగా అయింది. బడి పుస్తకాలు వేసేవాళ్ళు. పాత ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుంటారట. నీ నంబరే ఇచ్చాను. నిజం చెప్పక్కర్లేదు. నా పని గురించి ఒక మంచి మాట చెప్పు. ఈ నెలాఖరులోగా అది వస్తే గదులు నిలుస్తాయి."

ఏం చెప్పాలో ఆ దారిలోనే తయారుచేసుకున్నాను. 'నేను చూసినవాళ్ళలో ఆవిడంత జాగ్రత్తగా పనిచేసేవాళ్ళు లేరు.' బస్సులో నాలుగుసార్లు అనుకున్నాను. కన్నీళ్ళు కూడా వచ్చాయి. నా మంచితనానికి నేనే కరిగిపోయానన్నమాట.

గురువారం ఫోన్ వచ్చింది. అప్పుడు రేపటికల్లా నా కుర్చీ వెనకే నిలబడి నా స్క్రీన్ చూస్తున్నాడు.

"ఆవిడ పని ఎలా ఉండేదండీ?" అంది అవతలి గొంతు.

తీసేసిన మనిషిని పొగిడితే, మరి తప్పెవరిదని వెనకున్నాయన అడుగుతాడు.

"ఫరవాలేదండీ" అన్నాను.

"ఫరవాలేదు అంటే?"

"అంటే… చేస్తుంది."

"అలాగేనండీ" అని పెట్టేశారు. ఎవరని రేపటికల్లా అడిగాడు. బ్యాంకువాళ్ళని చెప్పాను.

నెలాఖరుకు చెల్లెలు రెండు పెట్టెలతో మా ముందుగదికి వచ్చేసింది. నా భార్య ఫ్యాను స్విచ్ దగ్గర ఒక్క క్షణం ఆగి వంటింట్లోకి వెళ్ళింది. సాయంత్రం చెల్లెలు కూతురికి లెక్కలు చెబుతోంది. "ముందు నీ జవాబు రాసుకో, తర్వాతే పుస్తకం వెనక చూడు" అంటోంది. నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

"పుస్తకాలవాళ్ళు నీకు ఫోన్ చేశారా అన్నయ్యా?" అంది తలెత్తకుండానే.

"చేశారు. బాగానే చెప్పాను."

తల ఊపింది. ఎర్ర పెన్సిల్ తీసి నోటుబుక్కులో ఏదో గీసి, పొయ్యి మీద పాలు చూడాలంటూ లోపలికి వెళ్ళింది.

"అమ్మకి వాళ్ళు మొన్ననే చెప్పేశారు మామయ్యా, వద్దని" అంది పిల్ల, లెక్కలోంచి తల తిప్పకుండా. "మీ అన్నయ్యే గట్టిగా చెప్పలేకపోయారు అన్నారంట."

నోటుబుక్కు బల్ల మీద తెరిచే ఉంది. మూసిపెట్టడం మరిచిపోయే మనిషి కాదు అది. మొన్నటి తేదీ వేసి, మూడు గళ్ళు గీసి ఉన్నాయి. మొదటి గడిలో: అన్నయ్యను ఫోన్ గురించి అడగాలి. రెండో గడిలో పెన్సిల్‌తో, గుండ్రటి అక్షరాల్లో: చేశారు, బాగానే చెప్పాను. మూడో గడిలో ఇప్పుడే పెట్టిన ఎర్ర టిక్కు.

చెల్లెలు పాలు దించి ముందుగదిలోకి వచ్చింది. నేను నోటుబుక్కు చూస్తుండటం చూసింది. వదిన అనకముందే ఫ్యాను ఆపి, కూతురి పక్కన కూర్చుంది.