సగం పోయిన ఫైలు

ఇట్లా దగ్గరికి జరుగు బిడ్డా, చెవి ఇటు పెట్టు. జ్యోత్స్న కాలు విరిగిన ఏటి సంగతి చెబుతాను.

జూలూరుపాడు పక్క తండాలో పూల్‌సింగ్, చాంది దంపతుల కూతురు జ్యోత్స్న. హైదరాబాదులో ఇళ్ల ప్లాన్లు గీసే కంపెనీలో కొలువు. బస్సు దిగుతూ జారిపడి, కాలికి పిండికట్టుతో ఇంటికొచ్చింది. మంచం మీద కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్, పక్కన మోడెం, దానికి టెలిఫోను తీగ. ఆ తీగలోంచి కంపెనీ లోపలికి తాళమేసిన దారి ఒకటుంటుందట, వీపీఎన్ అంటారు. గీసినవన్నీ ఆ దారినే పంపాలి.

ఒక ప్లాను ఫైలు పంపింది. అక్కడ తెరుచుకోలేదు. మళ్లీ పంపితే మళ్లీ పాడయ్యే చేరింది.

"సాయంత్రంలోగా సరైన ఫైలు రావాలి జ్యోత్స్న గారూ. లేదంటే మీ పని ఇంకొకరికి ఇచ్చేస్తాను" అన్నాడు ఫోనులో పై అధికారి సాయికిరణ్.

లేచి బస్సెక్కుదామంటే కాలు కదలదు. కిటికీలోంచి చూస్తే వాన మొహం చూడని మిర్చి నారుమడి. గోడలు మీదికి జరుగుతున్నట్టే ఉంది పిల్లకు.

పొద్దుటినుంచీ వచ్చిపోతున్న చేను కరెంటు అప్పుడే మళ్లీ వచ్చింది. పూల్‌సింగ్ ఆటో స్టార్టర్ పెట్టుకున్నాడు కదా, కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. పక్క చేలల్లోనూ అంతే. అన్నీ ఒక్కసారి లేచేసరికి ఇంట్లో బల్బు నీరసించింది, మోడెం దీపాలు ఆరి వెలిగాయి.

"యాడీ! దారి తెగింది!" అని తల్లిని కేకేసింది.

చాంది గరిటెతోనే వచ్చింది. "ఇప్పుడేం జేస్తవ్?"

"సగం అక్కడికి పోయింది గదా. మిగిలిన సగం పంపుత."

"ఇందాక గూడ గట్లనే జేసినవా?"

"అవ్. పోయినదాన్ని పారేస్తమా ఏంది?"

ఆ మాట అంటూనే ఆగిపోయింది. సగం కాలిన పుల్లను కూడా పొయ్యి పక్కన దాచే ఇల్లది. తెగిన చోట నలిగిన ముక్కకే మంచి ముక్కను అతికిస్తూ వచ్చింది ఇంతసేపూ!

"బాపును మోటర్ బంద్ జెయ్యమను యాడీ."

"నారు ఎండితే నీ కంపెనోళ్లు బిందెలతో వస్తరా?"

సరే, మోటారు ఆగదు. అక్కడికి చేరిన సగాన్ని తుడిచేసింది. ఫైలును చిన్న చిన్న ముక్కలు చేసి పంపింది. ఒక్కోటి చేరాక ఇక్కడిదీ అక్కడిదీ సరిచూసి, తేడా ఉన్నదాన్ని జాలిపడకుండా చెరిపి మొదటినుంచి పంపింది.

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది, సాయికిరణే. "తెరుచుకుంది! బాగా వచ్చింది."

"సార్, అయితే కట్టు విప్పేదాకా సెలవు..."

"సెలవెందుకండీ? మంచం మీంచే పంపగలరని తేలింది కదా. మిగతా ప్లాన్లన్నీ మీకే ఇస్తున్నాను."

కొలువు నిలిచింది. జ్యోత్స్న కాలి కట్టు కేసి ఒకసారి చూసుకుని, ల్యాప్‌టాప్‌ను మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

ఇది మరిచిపోకు బిడ్డా. ఇంట్లో కూర్చుని చేసే కొలువంత హాయి లేదని ఎవరైనా అంటే, నా బదులు ఈ జ్యోత్స్న సంగతి నువ్వు చెప్పు.