అద్దాలు ఎత్తే ఉంచు

మా బావమరిదికి రేడియో అని పేరు. పెట్టింది నేనే. నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా వాడి నోరు ఆగదు. వినేవాళ్ళెవరూ లేకపోతే వ్యానుతోనే మాట్లాడుకుంటాడు. మా ఆవిడ గడ్డకట్టిన చేపముక్కల్నీ, తాజా ఆకుకూరల్నీ పెట్టెల్లో సర్ది విమానాలకు పంపుతుంది. సర్దడం ఆవిడ పని, టేపు వెయ్యడం నా పని, పెట్టెల్ని కార్గో గేటుదాకా తోలుకెళ్ళడం వాడి పని. ముగ్గురిలో యజమాని ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోజు విమానం ఆలస్యమని పొద్దున్నే కబురొచ్చింది. విమానం ఆలస్యమైతే ప్రయాణికులకు విసుగు, మాకు భయం. ఆకుకూరలైతే కాస్త ఓర్చుకుంటాయి. చేప ఓర్చుకోదు. కార్గో షెడ్డులో ఒకాయన సూది లాంటి థర్మామీటరు ముక్కలోకి గుచ్చి చూస్తాడు. మెత్తబడిందంటే లోడు మొత్తం వెనక్కే. పోయిన వారం అదే జరిగింది. గేటు దగ్గర పెట్టెల్లో మళ్ళీ వేసుకోవడానికని ముందు సీట్లో పెట్టి పంపిన డ్రై ఐసు అక్కడికి చేరేసరికి సగం కూడా లేదు. అది మామూలు ఐసులా నీళ్ళవదు, ఆవిరై గాలిలో కలిసిపోతుంది. మా రేడియో అద్దాలు రెండూ దించుకుని, పాటలు పాడుకుంటూ, ఎండా గాలీ దానికి పుష్కలంగా తగిలేట్టు వెళ్ళాడన్నమాట.

అందుకని ఈసారి మా ఆవిడ వాణ్ణి వ్యాను పక్కన నిలబెట్టి వాయించింది.

"ఏసీ వేసుకో. అద్దాలు ఎత్తే ఉంచు. దించావని తెలిసిందో, ఇక ఈ గడప తొక్కక్కర్లేదు."

"ఎంతసేపు నిలబడాలో ఏమో అక్కా, కాస్త గాలి..."

"కాసేపు గాలి లేకపోతే చచ్చిపోవులే."

వాడు ముఖం గంటు పెట్టుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను డ్రై ఐసు పెట్టె తెచ్చి పక్క సీట్లో పెట్టాను. మామూలు దానికి రెట్టింపు ఉంది. వాడి ముఖం చూసి జాలేసి, ఆ పెట్టెకు సీటు బెల్టు కూడా పెట్టాను.

"నీకో సంబంధం తెచ్చానురా. పిల్ల మహా చల్లటిది. ఎదురు మాట్లాడదు."

మామూలుగా అయితే దానికి పది మాటలు అనేవాడు. ఆ రోజు అద్దం ఎత్తేసి వెళ్ళిపోయాడు.

భోజనాల వేళ ఫోను చేస్తే ఎత్తలేదు. మా ఆవిడ మళ్ళీ చేసింది, ఎత్తలేదు.

"అలిగాడు," అంది.

"వాడి అలక ఆకలేసేదాకానే కదా. ఈపాటికి ఏం తెచ్చుకు తిన్నాడో మనకి చెప్పకుండా ఉంటాడా?"

ఆవిడ టేపు వంకరగా వేశానని నన్ను కసిరింది. టేపు తిన్నగానే ఉంది. ఆవిడకీ లోపల పీకుతోందని నాకు అర్థమైంది. కాగితాల పనులు చూసే ఏజెంటుకు ఫోను చేశాం. అదృష్టం కొద్దీ ఆయన ఇంకా గేటు బయటే ఉన్నాడు.

"కనపడుతున్నాడు మేడమ్, లైన్లోనే ఉన్నాడు. అద్దాలన్నీ మూసుకుని హాయిగా పడుకున్నాడు. లైను ఇప్పట్లో కదిలేట్టు లేదు, పడుకోనివ్వండి. నేను లోపలికెళ్తున్నా, ఇక ఫోను తీసుకెళ్ళనివ్వరు."

"చూశారా, పడుకున్నాడట. ఇక్కడ మన ప్రాణాలు తోడేస్తూ," అంది మా ఆవిడ నవ్వుతూ. నేనూ నవ్వాను. అద్దాలు మూసే ఉంచాడు, బుద్ధిమంతుడే అనుకున్నాం. ఇద్దరం మళ్ళీ పనిలో పడ్డాం.

కాసేపటికి కరెంటు పోయింది. మా ప్యాకింగు గదిలో నేలకు దగ్గరగా ఒక ఫ్యాను బిగించి ఉంటుంది. గాలిని బయటికి తోసే ఫ్యాను. అది ఆగితే మేం ఏ పని మధ్యలో ఉన్నా వదిలేసి బయటికొచ్చేస్తాం. డ్రై ఐసు అమ్మే ఆయన మొదటి రోజే చెప్పాడు: దీన్నుంచి వచ్చే గాలి బరువు, కిందంతా నిండుతూ వస్తుంది, మూసిన గదిలో మన ఊపిరికి చోటు లేకుండా చేస్తుంది, ముందు తలనొప్పి, తర్వాత నిద్ర. ఆ మాట మాకు ఎంత అలవాటైపోయిందంటే, మా ఆవిడ ఎప్పటిలాగే "కరెంటు పోయింది, రండి రండి" అంటూ టేపు మిషను చేత్తోనే పట్టుకుని గుమ్మం దాటింది. నేను వెనకే వచ్చాను. ఇద్దరం గుమ్మం బయట నిలబడి ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

అద్దాలు మూసిన వ్యానులో ఇలాంటి ఫ్యాను లేదు. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

స్కూటరు తాళం జేబులోనే ఉన్నా నాలుగు జేబులూ వెతికాను. ఆవిడ వెనక కూర్చుని ఒక చేత్తో ఫోను చేస్తూనే ఉంది. ప్రతిసారీ మోగి మోగి ఆగిపోతోంది. నా వీపుకి గట్టిగా ఏదో గుచ్చుకుంటోంది, టేపు మిషను. పారెయ్యమని చెప్పాలని కూడా తోచలేదు. ప్రతి సిగ్నలూ మా కోసమే ఎర్రబడ్డట్టుంది. "ఒరేయ్ ఎత్తరా, తిట్టనురా, ఎత్తు," అని ఆవిడ గొణగడం నాకు వినపడుతోంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ గొంతు అలా వినలేదు. నేను మాత్రం ఒక్కటే అనుకున్నాను, వాడు నిజంగా అలిగే ఉండాలి, జన్మంతా మాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

కార్గో గేటు ముందు లైను కదిలింది. ముందు బళ్ళన్నీ లోపలికి వెళ్ళిపోయాయి. మా వ్యాను ఒక్కటే రోడ్డు మధ్యలో ఉంది, దాని ముందు ఖాళీ, వెనక హారన్లు. దాన్ని చుట్టుకుని పోతున్న లారీ డ్రైవరు ఒకడు "ఎవడ్రా వీడు, ఇల్లనుకున్నాడా" అని అరుస్తున్నాడు. ఇంజను ఆన్‌లోనే ఉంది. ఏసీ ఆ లోపలి గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతోంది. వాడు తల పక్కకి వాల్చి ఉన్నాడు. పక్క సీట్లో పెట్టె, నేను పెట్టిన బెల్టు పెట్టినట్టే ఉంది. మూత సందులోంచి తెల్లటి పొగ మెల్లగా కిందికి జారుతోంది.

తలుపులు లోపల్నుంచి లాకు చేసున్నాయి. అద్దాన్ని చేత్తో బాదాను, వాడు కదల్లేదు. తిట్టిన లారీ డ్రైవరే సంగతి కనిపెట్టి దూకాడు. చక్రం కింద పెట్టే రాయి తీసి నా చేతికిచ్చాడు. రెండో దెబ్బకి అద్దం పగిలింది. లోపలికి చెయ్యి పెట్టి తలుపు తీసి, ఇద్దరం వాణ్ణి లాక్కొచ్చి రోడ్డు వారన పడుకోబెట్టాం. ముఖం చెమటతో తడిసిపోయి ఉంది, ఊపిరి ఉందో లేదో నాకు తెలియడంలేదు. ఛాతీ మీద చెవి పెట్టినా నా గుండె చప్పుడే వినపడుతోంది.

మా ఆవిడ అప్పుడు చేసిన పని చూస్తే ఎవరికైనా మతి పోయిందనిపిస్తుంది. వ్యానుకున్న తలుపులన్నీ, ముందువీ వెనకవీ, బార్లా తీసేసింది. ఆ వెనక తలుపు నేను ఓ నిమిషం తీసి ఉంచితే ఇల్లు అంటుకున్నట్టు అరిచే మనిషి. ఎండ తిన్నగా చేపల పెట్టెల మీద పడింది. ఆవిడ అటు చూడను కూడా చూడలేదు. వచ్చి నేల మీద కూలబడి వాడి తల ఒళ్ళోకి తీసుకుంది.

గేటులోంచి ఏజెంటు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మేడమ్, గేటు ఫోనులోంచి అంబులెన్సుకి చెప్పాను, వస్తోంది. ఈలోపు మీ పెట్టెలు నేను లోపలికి..."

"ఉండనీండి," అంది.

వాడు ఒక్కసారి పెద్దగా ఊపిరి లాగాడు. తర్వాత దగ్గు. తర్వాత రోడ్డంతా కక్కాడు. నేను జీవితంలో అంత సంతోషంగా చూసిన దృశ్యం లేదు. లారీ డ్రైవరు "బతికాడు" అని చెప్పి, వెళ్ళి తన బండి ఎక్కకుండా అక్కడే నిలబడ్డాడు.

కళ్ళు తెరిచి వాడు ముందు నన్ను చూశాడు. తర్వాత పైన ఉన్న అక్క ముఖాన్ని చూశాడు. తిడుతుందనుకున్నాడు కాబోలు, లేవబోయాడు, చేతకాలేదు. ఎప్పుడూ ఆగని ఆ నోరు ఒక్కో మాటా కూడబలుక్కుంది.

"అద్దం దించలేదక్కా. తల పగిలిపోతున్నా దించలేదు."

మా ఆవిడ ఊడి పక్కన పడున్న ఐసు పెట్టె మూత అందుకుని దానితో వాడి ముఖానికి విసరడం మొదలుపెట్టింది. రోడ్డు మీద బోలెడు గాలి ఉంది. ఆ మాటే చెప్పి చేతిలోంచి మూత తీసుకోబోయాను, ఇవ్వలేదు. అంబులెన్సు వచ్చేదాకా విసురుతూనే ఉంది.