నవ్వు మాత్రం అన్నయ్యది

చిన్నబాబు చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. జేబులోని తాళంచెవులు, చిల్లర, కళ్లజోడు డబ్బా ఒకదాని పక్కన ఒకటి పేర్చాడు. బూట్లు విప్పి గోడవారకు తోశాడు. డబ్బింగ్ గదిలో మైకు పాపిష్టిది. మనిషి మాట కన్నా ముందు వాడి జేబు చప్పుడు పట్టుకుంటుంది. అందుకే గంజి పెట్టిన చొక్కా కూడా ఆయన ఇక్కడికి తొడుక్కురాడు. అరవై మూడేళ్లు, బట్టతల, కొద్దిగా ముందుకొచ్చిన పొట్ట, వాటితో ఏ సంబంధమూ లేని గంభీరమైన గొంతు. అయినా ఇంకా చిన్నబాబే. సినిమావాళ్ల ఇంట్లో ఒకసారి చిన్నబాబు అయినవాడు మనవలు పుట్టినా పెద్దవాడు కాడు.

"ఎన్ని మిగిలాయి?" అని అడిగాడు.

అద్దం అవతల సౌండ్ ఇంజనీరు కాగితం చూసుకున్నాడు. "మీవి తొమ్మిది డైలాగులు. అన్నగారిది ఒక నవ్వు. సాయంత్రానికి ఇచ్చెయ్యాలి సార్."

"అన్నయ్య పదకొండుకి వస్తాడు. ఈలోపు నావి లాగించేద్దాం."

తండ్రి మహానటుడు. ఆయన పోయాక ఆ కిరీటం పెద్దబాబు తలకి కొలత తీసి చేయించినట్టు సరిపోయింది. చిన్నబాబుకి పెడితే కళ్ల మీదికి జారింది. మొదటి సినిమాకి హాళ్ల ముందు నిలువెత్తు బొమ్మలు నిలబెట్టారు. రెండో వారానికి బొమ్మలు మిగిలాయి, జనం లేరు. "ఇంటిపేరు కస్తూరివారు" అని ఓ పత్రికవాడు సగం సామెతే రాసి వదిలేశాడు. మిగతా సగం అందరికీ తెలిసిందేగా! మరో రెండు సినిమాలు చూసి నిర్మాతలు దూరం నుంచే దండం పెట్టారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆయన హీరోకి స్నేహితుడై ఇంటర్వెల్ లోపే చచ్చిపోయాడు, ఇన్‌స్పెక్టరై అంతా అయిపోయాక జీపు దిగాడు, పెళ్లికూతురి తండ్రై కళ్లు తుడుచుకున్నాడు. ఎవరినీ ఆడిపోసుకోలేదు. పిలిచిన చోటికి వేళకి వెళ్లాడు, డైలాగు నేర్చుకుని వెళ్లాడు.

ఆరేళ్ల కిందట పెద్దబాబుకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ చాలావరకు తిరిగొచ్చాయి గాని, నాలుక చెప్పినమాట వినడం మానేసింది. పెదవులు కదిలేవి, మాట ముద్దముద్దగా వచ్చేది. జనానికి ఆయన కావాలి, ఆయనకి కెమెరా కావాలి. అప్పుడు వదిన వచ్చి చిన్నబాబు చేతులు పట్టుకుంది. "మీ ఇద్దరి గొంతూ ఒకటేనయ్యా. ఫోన్లో నేనే ఎన్నిసార్లు మోసపోయానో!" అంది. అప్పటినుంచి తెర మీద అన్న, తెర వెనక తమ్ముడు. టైటిల్స్‌లో తన పేరు ఉండకూడదని షరతు పెట్టింది చిన్నబాబే.

పెద్దబాబు ఎడమ పెదవి అరక్షణం ఆలస్యంగా కదులుతుంది. మొదట్లో తమ్ముడి మాట ముందు పరిగెత్తేది, అన్న మూతి వెనక ఈడ్చుకుంటూ వచ్చేది. మెల్లగా దారికొచ్చాడు. అన్న ఊపిరి తీసే చోట తనూ తీశాడు, గుటక వేసే చోట గుటక వేశాడు. అంత దగ్గరగా, అంతసేపు అన్న ముఖం ఆయన చిన్నప్పుడు కూడా చూడలేదు.

మొన్న ఒక టాక్సీ డ్రైవరు అన్నాడు కదా, "మీ అన్నగారి గొంతులో పావలా వంతన్నా మీకొచ్చి ఉంటేనా సార్, ఎక్కడో ఉండేవారు!" అని. "నిజమేనయ్యా, రాసిపెట్టి ఉండాలి" అన్నాడు చిన్నబాబు. ఇంటికెళ్లి భార్యకి చెబితే ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. చిన్నబాబు నవ్వు తల్లి పోలిక. సన్నగా, ముక్కులోంచి వస్తుంది.

అందుకే నవ్వు మాత్రం అన్నయ్యది. నవ్వుకి నాలుకతో పనేముంది? పక్షవాతం ఆ ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. కడుపులోంచి నింపాదిగా లేచి, గొంతులో రెండుసార్లు దొర్లి, ఒక్కసారిగా బయటపడే నవ్వు. ప్రతి సినిమాకీ ఆఖరి రోజున పెద్దబాబు చేతికర్ర పట్టుకుని వచ్చి తన నవ్వు తను నవ్వి వెళతాడు. పోయేముందు తమ్ముడి వీపు మీద చరిచి, "ఇద్దరం కలిస్తే... ఒక ఆర్టిస్టురా మనం" అంటాడు. ఆ మాట కోసం చిన్నబాబు సినిమా పొడుగునా ఎదురుచూస్తాడు. అన్నకి తను కావలసి రావడం జీవితంలో ఇదే మొదలు. ఇది ఎన్నాళ్లుంటుందోనన్న భయం కూడా దానితోపాటే మొదలైంది.

తొమ్మిది డైలాగులూ అయ్యాయి. పదకొండు దాటింది. పావు తక్కువ పన్నెండయింది.

"బయల్దేరారంటారా?" అన్నాడు ఇంజనీరు.

"మా అన్నకి తల దువ్వుకోడానికే అరగంట. హీరో కదా మరి!"

బల్ల మీద ఫోను వణికింది. వదిన.

"చిన్నబాబూ... మీ అన్నయ్య కొత్త చొక్కా తొడుక్కున్నారు. నవ్వడానికి పోతున్నానని రెండుసార్లు చెప్పారు కూడా. కారొచ్చింది, లేవండి అన్నాను. లేవలేదయ్యా. డాక్టరొచ్చి చూశాడు. ఇంకేం లేదన్నాడు."

"వస్తున్నా వదినా."

ఆయన ముఖం చూసి ఇంజనీరు తన గదిలోంచి పరుగున వచ్చాడు. విషయం విని, "మీరు వెళ్లండి సార్. పాత సినిమాలోంచి ఒక నవ్వు తీసి అతికిస్తాను. నేను చూసుకుంటాగా" అన్నాడు.

"వద్దు. ఆ నవ్వు ఆ సినిమాది. సీను వెయ్యి."

"ఇప్పుడా! పోనీ, వారం గడువడుగుదాం..."

"వారానికి కూడా నాకు గొంతు రాదయ్యా. ఇంటికెళితే ఏడుస్తాను. ఏడిస్తే అన్నయ్య గొంతు పోతుంది. ఇంకా ఏడవలేదు. ఇప్పుడే తీసుకో."

తెర మీద మనవరాలు క్యారమ్స్‌లో ఎర్ర కాయిన్ కొట్టేసింది. ఓడిపోయిన తాత తల వెనక్కి వాల్చి నోరు తెరిచాడు. శబ్దం లేదు.

మొదటిసారి అమ్మ నవ్వు వచ్చింది. రెండోసారి, పెళ్లిపందిట్లో మిమిక్రీవాడు పెద్దబాబుని అనుకరించినట్టు వచ్చింది. చిన్నబాబుకే సిగ్గేసింది. "ఇంకొక్కసారి" అన్నాడు.

ఈసారి నవ్వు సంగతి వదిలేశాడు. అన్ననే చూశాడు. చొక్కా కింద పొట్ట లేవడం, భుజం కదలడం, ఎడమ పెదవి అరక్షణం వెనకబడటం. ఊపిరి తీశాడు. నవ్వు కడుపులోంచి నింపాదిగా లేచి, గొంతులో రెండుసార్లు దొర్లి, గదంతా నిండింది. తెర మీద పెద్దబాబు నోరు మూసేదాకా సాగి, ఆయనతోపాటే ఆగింది.

ఇంజనీరు తలెత్తలేదు. కళ్లు తుడుచుకుని, పెదవుల కదలికతో నవ్వుని రెండుసార్లు సరిచూసుకున్నాడు. వెంట్రుకవాసి తేడా లేదు. "కుదిరింది సార్, ఒక్కసారి వినండి" అంటూ మీట నొక్కి, అద్దంలోంచి చూశాడు.

గదిలో ఎవరూ లేరు. మైకు స్టాండుకి తగిలించిన హెడ్‌ఫోన్స్‌లోంచి పెద్దబాబు చిన్నగా నవ్వుతున్నాడు.